జ్ఞానమ్మ టీచరు, తొమ్మిదో కుర్చీ

గట్టుపాలెం హైస్కూల్లో ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన జ్ఞానమ్మ టీచరు గురించి ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఒక మాట ఉంది. ఆవిడ దగ్గర అర మార్కు కొట్టేయడం ఎంత కష్టమో, ఆవిడ చేతిలో అర మార్కు పోగొట్టుకోవడం కూడా అంతే కష్టమని. న్యాయంగా రావలసిన అర మార్కు నాలుగో పేజీలో సిరా మరక కింద దాక్కున్నా సరే, కళ్ళజోడు పైకెత్తి వెతికి వేసేది. రాని అర మార్కు కోసం సర్పంచి గారు బండేసుకుని వచ్చినా వేసేది కాదు. సొంత తమ్ముడి కొడుకు ముప్ఫై నాలుగు దగ్గర ఆగిపోతే ఆ ఒక్క మార్కూ కలపలేదు. ఆ తమ్ముడు శాంతికుమార్ రెండేళ్ళు అక్క గుమ్మం తొక్కలేదు.

"రావాల్సింది ఇవ్వకపోతే దొంగతనం, రానిది ఇస్తే దానం. గవర్నమెంటు నాకు ఈ రెండిట్లో దేనికీ జీతమివ్వట్లేదు" అనేది ఆవిడ.

వాళ్ళమ్మ ఊడ్పులకీ కోతలకీ పోయి, రాజమండ్రి మిషన్ హాస్టల్లో పెట్టి చదివించింది. ట్రైనింగు అయ్యి ఉద్యోగంలో చేరిన ఏడాదే స్కూలు ముందు కరెంటు స్తంభం ఎక్కిన లైన్‌మాన్ చిట్టియ్య, కిటికీలోంచి ఆవిడ బోర్డు మీద వృత్తం గీయడం చూసి, తీగ కట్టడం మర్చిపోయాడట. ఆ రోజు ఊరంతటికీ సాయంత్రం దాకా కరెంటు లేదు. ఆరు నెలల్లో పెళ్ళయింది. అప్పటి నుంచీ ఇంట్లో లెక్కలు ఆవిడవి, స్విచ్చులు ఆయనవి.

ఆవిడకి ఎన్నికల పిచ్చి మాత్రం స్కూల్లోనే పట్టుకుంది. ఒక ఏడాది సోషల్ మాస్టారు పొడవాటి సెలవు పెడితే, పౌరశాస్త్రం కూడా ఆవిడ మెడకే తగిలించారు. పార్లమెంటు పాఠం చెబుతుంటే వెనక బెంచీ పిల్ల ఒకతి లేచి, ముగ్గురు పోటీ చేసి నూటికి నలభై వచ్చినాయన గెలిస్తే, మిగతా అరవై మంది వేసిన ఓట్లు ఏమైనట్టు టీచర్, అని అడిగింది. జ్ఞానమ్మ వారం రోజులు గడువడిగి, ఆదివారం ఆరాధన అవగానే రాజమండ్రి బస్సెక్కి లైబ్రరీలో కూర్చుంది. చాలా దేశాల్లో జనం మనిషికి కాకుండా పార్టీ జాబితాకి ఓటేస్తారనీ, వచ్చిన ఓట్ల వంతు ప్రకారం పార్లమెంటు సీట్లు పంచుతారనీ, ఆ పంపకానికి రకరకాల భాగహారాలున్నాయనీ అక్కడ చదివింది. భాగహారం అనేసరికి ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. నోట్సు రాసుకుంది. పిల్లకి సమాధానం చెప్పింది. నోట్సు ట్రంకుపెట్టెలో పెట్టింది.

రిటైరయ్యాక దాని అవసరం ఇంటికి వచ్చి తలుపు తట్టింది.

గట్టుపాలెం సీయోను లూథరన్ సంఘానికి మూడేళ్ళకోసారి తొమ్మిది మంది పెద్దల్ని ఎన్నుకుంటారు. ఒక్కొక్కరూ తొమ్మిది పేర్లకి టిక్కులు పెట్టాలి, ఎక్కువ టిక్కులొచ్చిన తొమ్మిది మందీ పెద్దలు. చూడ్డానికి ధర్మంగానే ఉంటుంది. కాని సంఘంలో మూడు పేటలున్నాయి. చర్చి చుట్టూ ఉన్నది పెద్దపేట, ఉద్యోగస్థుల ఇళ్ళు. కాలవ అవతల గవర్నమెంటు స్థలాలిచ్చిన కొత్తకాలనీ. లాకుల దగ్గర కూలిపనికీ చేపలకీ పోయేవాళ్ళది లాకుపేట. పెద్దపేట వాళ్ళు మొత్తంలో సగానికి కాస్త తక్కువే. అయినా అందరూ ఒకే మాట మీద అవే తొమ్మిది పేర్లకి కొట్టేవారు. కాలనీకీ లాకుపేటకీ ఎప్పుడో బోరు నీళ్ళ దగ్గర చెడింది కాబట్టి వాళ్ళు కలిసేవారు కాదు. అందుచేత మొదటి తొమ్మిది స్థానాలూ పెద్దపేటవే. పదో స్థానం నుంచీ కాలనీ మొదలు. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస, పద్దెనిమిదేళ్ళుగా కార్యదర్శి ఎజ్రా గారే. తహసీల్దారు ఆఫీసులో పనిచేసి వచ్చిన మనిషి, కమిటీ మీటింగు ఇరవై నిమిషాల్లో ముగించేస్తారని ఆయనకి పేరు. అందరూ ఒకే వీధి వాళ్ళయితే మాట్లాడుకోవడానికి ఏముంటుంది.

ఈసారి ఎన్నికలు దగ్గరకొచ్చేసరికి కాలనీ తరఫున శ్యాంబాబు అడ్డం తిరిగాడు. ఇంకోసారి తొమ్మిదీ వాళ్ళే పట్టుకుపోతే వేరే చర్చి పెట్టేస్తానన్నాడు. వేరేవాళ్ళంటే బెదిరింపు అనుకోవచ్చు. శ్యాంబాబుది టెంట్ హౌసు. షామియానా, మైకు, మూడొందల కుర్చీలు ఇంట్లోనే ఉన్నాయి. పొద్దున్న కోపమొస్తే మధ్యాహ్నానికి చర్చి లేచిపోతుంది.

పాస్టరు ప్రసన్నకుమార్ గారు పాపం కొత్తగా వచ్చిన మనిషి. సంఘం చీలిపోతుందన్న బెంగతో తిన్నగా జ్ఞానమ్మ వరండాలోకి వచ్చి కూర్చున్నారు. ప్రార్థన చేశారు, టీ తాగారు, అప్పుడు విషయం చెప్పారు. జ్ఞానమ్మ లోపలికెళ్ళి ట్రంకుపెట్టె తెరిచింది.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరినీ ఇళ్ళకి వెళ్ళొద్దని పాస్టరు గారు ప్రకటించారు. చర్చి ముందు తొమ్మిది ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేయించింది జ్ఞానమ్మ. కుర్చీలు శ్యాంబాబువి. స్కూల్లోంచి తెప్పించిన నల్లబల్ల గోడకి ఆనించి, సుద్దముక్క పట్టుకుని నిలబడేసరికి, సంఘంలో సగం మందికి వెన్ను దానంతటదే నిటారయింది. వాళ్ళందరూ ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే.

ఇకనుంచి మనిషికి తొమ్మిది టిక్కులు లేవు, ఒక్కటే టిక్కు, అదీ జాబితాకి, అని చెప్పింది. ఏ పేటవాళ్ళయినా, ఎవరయినా ఒక జాబితా ఇవ్వచ్చు. ఉదాహరణకి పెద్దపేటకి నూట యాభై, కాలనీకి తొంభై, లాకుపేటకి అరవై ఓట్లు వచ్చాయనుకుందాం. అందరికన్నా పెద్ద అంకె ఎవరిది. పేటది. మొదటి కుర్చీలో పేట మనిషి కూర్చోవాలి. ఎజ్రా గారు పిలవకుండానే వచ్చి కూర్చున్నారు. కుర్చీ వచ్చిన జాబితా మళ్ళీ వరసలో నిలబడొచ్చు, కాని ఈసారి ఓట్లు మూడుతో భాగించుకుని నిలబడాలి. నూట యాభై కాస్తా యాభై అయింది. ఇప్పుడు పెద్ద అంకె కాలనీది, తొంభై. రెండో కుర్చీలో శ్యాంబాబు కూర్చున్నాడు. కాలనీ ముప్ఫైకి దిగింది. మూడో కుర్చీకి లాకుపేట అరవై. కూర్చోమంటే లాకుపేట నుంచి ఎవరూ లేవలేదు. కూర్చునే అలవాటు లేదు. చివరికి బట్టలు కుట్టే సారిక కొంగు సర్దుకుంటూ వచ్చి కుర్చీ అంచు మీద కూర్చుంది. నాలుగోది మళ్ళీ పేట యాభైకి. రెండో కుర్చీ వస్తే ఐదుతో, మూడోది వస్తే ఏడుతో భాగించాలి. అలా తొమ్మిది కుర్చీలూ నిండేసరికి పేటకి నాలుగు, కాలనీకి మూడు, లాకుపేటకి రెండు వచ్చాయి.

జనం నల్లబల్ల వైపు చూశారు, కుర్చీల వైపు చూశారు. ఎక్కడా మోసం కనపడలేదు. ఎజ్రా గారికి మాత్రం కనపడింది.

"టీచరు గారూ, ఒక్క కుర్చీయే కదండీ ఇచ్చారు. మూడుతో ఎందుకు భాగించాలి? ఒకటి అయ్యాక రెండు రావాలి. ఒకటీ, మూడూ అని చిన్నపిల్లలు కూడా లెక్కపెట్టరు" అన్నారు.

ప్రశ్న మంచిదేనంది జ్ఞానమ్మ. ఒకటి, రెండు, మూడు అని భాగించే దేశాలూ ఉన్నాయి, దానిలో కుర్చీకి తగ్గ ఓట్లు పూర్తిగా నిండితేనే కుర్చీ. పెద్దవాళ్ళకి నిండుతూనే ఉంటాయి, చిన్నవాళ్ళకి ముక్కాలు దగ్గర ఆగిపోతాయి. ఒకటి, మూడు, ఐదు అంటే సగం దాటితే ఒకటి కింద లెక్క, సగం లోపయితే లేదు. మీరు పాసైన లెక్క కూడా అలాంటిదే ఎజ్రా గారూ అని ఆవిడ అనబోయింది కాని, ఆయన తన దగ్గర చదివిన వయసు కాదు కాబట్టి ఊరుకుంది.

ఎజ్రా గారు ఇంటికెళ్ళి క్యాలెండరు వెనక లెక్కలు వేసుకుని, రెండుతో అయితేనే పేట ఒప్పుకుంటుందని కబురుపెట్టారు. పది రోజులపాటు గట్టుపాలెంలో వేరే మాట లేదు. చిన్నబ్బాయి కిరాణా కొట్టు ముందు రెండు పార్టీలు తయారయ్యాయి, రెండు పార్టీ, మూడు పార్టీ. శ్యాంబాబుకి భాగహారం బుర్రకెక్కలేదు. కాని ఎజ్రా గారు రెండు అంటున్నారు కాబట్టి తను ప్రాణం పోయినా మూడే అన్నాడు. సర్వసభ్య సమావేశం పెట్టి చేతులెత్తిస్తే, పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి కాలనీ, లాకుపేట ఒకే వైపు చేతులెత్తాయి. మూడు గెలిచింది. జ్ఞానమ్మని ఎన్నికల అధికారిగా పెట్టారు. ఎన్నిక జరిపే మనిషి ఓటేయకూడదు కాబట్టి తన ఓటు వదులుకుంటున్నానని ఆవిడ అక్కడే చెప్పింది.

నామినేషన్లకి ఆఖరు రోజున మూడు జాబితాలూ వచ్చాయి. పేటకి గంట గుర్తు, కాలనీకి దీపం, లాకుపేటకి పడవ. కాగితాలు సర్దుకుంటుంటే చిట్టియ్య స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సొంత ఇంటి వరండాలోకే వీధి గుమ్మంలోంచి వచ్చి ఒక కాగితం ఇచ్చాడు. జాబితాలో ఒకే ఒక్క పేరు, కానూరి చిట్టియ్య. గుర్తు మైకు.

ఆయన బాధ ఊరందరికీ తెలిసిందే. చర్చిలో మైకు స్టాండు ముట్టుకుంటే జివ్వుమంటుంది. ఎర్తింగ్ లేదు. పదకొండేళ్ళుగా ఆయన ఎజ్రా గారికి చెబుతూనే ఉన్నాడు, నోటితో చెప్పాడు, కాగితం మీద రాసిచ్చాడు. ఎజ్రా గారు ప్రకటనలు చదివేటప్పుడు తోలుచెప్పులతో నిలబడతారు, ఆయనకి ఎప్పుడూ తగల్లేదు. తగలనిది లేనట్టే. గాయక బృందంలో పాడే ఆడవాళ్ళు మాత్రం చెప్పులు బయట విడిచి వస్తారు. వాళ్ళ పాట మధ్యలో ఒక్కోసారి రాగంలో లేని స్వరం వినపడేది.

"ఏవండీ, మీరు నిలబడితే జనం ఏవంటారు? మొగుడి కోసమే మూడు పెట్టిందంటారు" అంది జ్ఞానమ్మ.

"రూలు పెట్టినప్పుడు నేను నిలబడతానని నీకు తెలుసా?"

"తెలీదు."

"మరయితే తప్పు ఎవరిది? ఎవరయినా జాబితా ఇవ్వచ్చని బోర్డు మీద రాశావు. నేను ఎవర్నయినా కాదా" అన్నాడు చిట్టియ్య.

కాదనడానికి రూలు లేదు. ఆవిడ తీసుకుని రసీదు రాసిచ్చింది. అనుకున్నట్టే ఎజ్రా గారు అనవలసినదంతా అన్నారు. జ్ఞానమ్మ వింది.

ఎన్నిక జూన్ రెండో ఆదివారం జరిగింది. తొలకరి పడి చర్చి నేలంతా చెమ్మగిల్లింది. ఆరాధన అవగానే ఓట్లు వేయించి, భోజనాలయ్యాక లెక్క మొదలుపెట్టారు. అన్ని పేటలకీ బయటి మనిషి ఒకడుండాలని చిన్నబ్బాయిని కొట్టు కట్టించి మరీ పిలిచారు. ఆయన కొట్లోని పెద్ద క్యాలుక్యులేటరు చంకలో పెట్టుకుని వచ్చి, గుమ్మం దగ్గర ఎంతో మర్యాదగా చెప్పులు విడిచి కూర్చున్నాడు.

మూడొందల ఒక్క కాగితాలున్నాయి. మూడొందలు సవ్యంగా ఉన్నాయి. ఒకటి మాత్రం జ్ఞానమ్మ చేతిలో ఆగిపోయింది. దాని మీద టిక్కు లేదు. నాలుగు గుర్తుల కిందా ఖాళీ జాగాలో, గుండ్రటి అక్షరాలతో, 'ముందు ఆ మైకు బాగు చేయించండి' అని రాసి ఉంది.

ఆ చేతిరాత ఎవరిదో ఆవిడకి చూడగానే తెలిసిపోయింది. స్త్రీల సమాజం మినిట్స్ పుస్తకం నిండా ఉండేది ఆ రాతే. రాసినావిడ ఎజ్రా గారి భార్య, గాయక బృందంలో ముందు వరసలో నిలబడి పాడే మనిషి. ఆ సంగతి జ్ఞానమ్మ ఆ రోజూ చెప్పలేదు, ఆ తరవాతా ఎవరికీ చెప్పలేదు.

కాగితం అందరికీ దూరం నుంచే చూపించింది. చిట్టియ్య లేచి నిలబడ్డాడు. అది తన ఓటే కదా అన్నాడు. శ్యాంబాబు కూడా చదివి, ఆ మాటకొస్తే టీచరు గారూ, ఆ మనిషి మనసు ఎవరి మీదుందో తెలుస్తూనే ఉంది అన్నాడు.

"మనసు తెలుస్తుందండి. టిక్కు లేదు. టిక్కు పెట్టాలి, రాతలు రాస్తే చెల్లదు అని రూల్లో నేనే రాశాను" అని ఆవిడ ఆ కాగితాన్ని చెల్లనివాటి కవరులో పెట్టింది. కవరులో అదొక్కటే ఉంది.

గంటకి నూట నలభై ఆరు, దీపానికి ఎనభై ఐదు, పడవకి యాభై రెండు, మైకుకి పదిహేడు. చిట్టియ్యకి పదిహేడు మందున్నారని ఎవరూ అనుకోలేదు, చిట్టియ్య కూడా అనుకోలేదు. గాయక బృందంలో ఆడవాళ్ళే పద్నాలుగు మంది అన్న సంగతి తరవాత ఎవరికో తట్టింది.

భాగహారం మొదలయింది. చిన్నబ్బాయి మీటలు నొక్కుతూ పైకి చదువుతుంటే జ్ఞానమ్మ బల్ల మీద రాస్తూ, ఎవరి కుర్చీలో వాళ్ళని కూర్చోబెట్టింది. ఎనిమిది కుర్చీలు గొడవ లేకుండా నిండాయి. పేటకి నాలుగు, కాలనీకి రెండు, లాకుపేటకి రెండు. తొమ్మిదో కుర్చీ దగ్గరికి వచ్చారు. పేట వాళ్ళది తొమ్మిదితో భాగిస్తే పదహారుంపావు లోపే. కాలనీ ఎనభై ఐదుని ఐదుతో భాగించాలి.

"పదిహేడండి" అన్నాడు చిన్నబ్బాయి.

మైకు ఓట్లు పదిహేడు. ఇంకా దేంతోనూ భాగించలేదు.

చిన్నబ్బాయి క్యాలుక్యులేటరుని దులిపి ఇంకోసారి నొక్కాడు. పదిహేడే. పాస్టరు గారు రూళ్ళ కాగితం తిరగేసి చూశారు. సమానమైతే ఏం చెయ్యాలో అందులో లేదు. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పిన మనిషికి, రెండు అంకెలు సమానం కావచ్చన్న ఆలోచన రాలేదు. జ్ఞానమ్మ చెవులు ఎర్రబడ్డాయి. ఉద్యోగంలో చేరాక బోర్డు ముందు అంత సిగ్గుపడింది అదొక్కసారే.

ఎజ్రా గారికి మాత్రం పరిస్థితి అందరికన్నా ముందు అర్థమయింది. ఆ కుర్చీ కాలనీకి పోతే, కాలనీ మూడు, లాకుపేట రెండు కలిసి ఐదు. తన నాలుగుతో కార్యదర్శి పదవి గోవిందా. అదే మైకుకి వస్తే ఇటు నాలుగు, అటు నాలుగు, మధ్యలో చిట్టియ్య. పదకొండేళ్ళలో మొదటిసారి ఆయన చిట్టియ్య వైపు చూసి నవ్వారు.

పాస్టరు గారు బైబిలు తీసి, అపొస్తలులు కూడా ఖాళీ అయిన స్థానానికి చీట్లు వేసే మత్తీయని ఎన్నుకున్నారని గుర్తుచేశారు. దాన్ని ఎవరూ కాదనలేకపోయారు. రెండు చీటీలు రాసి కానుకల సంచిలో వేశారు. తీసే మనిషి సంఘంవాడు కాకూడదు కాబట్టి చిన్నబ్బాయిని తీయమన్నారు. ఆయన తడబడి, చెయ్యి పంచెకి తుడుచుకుని, మీరేమనుకోకపోతే మా పాలకొల్లు స్వామికి ఒక దణ్ణం పెట్టుకుంటానన్నాడు. పాస్టరు గారు పెట్టుకోమన్నారు. కళ్ళు మూసుకుని చీటీ తీసి ఇచ్చాడు.

మైకు.

చిట్టియ్య వెళ్ళి తొమ్మిదో కుర్చీలో కూర్చున్నాడు. గెలిచినవాడు నవ్వాలి కదా. ఆయన భార్య వైపు చూడనైనా చూడలేదు. ఇంటికెళ్ళే దారిలో ఒకే మాట అన్నాడు.

"ఆ కాగితం ఒప్పుకునుంటే పద్దెనిమిది. నువ్వు ఓటేసుంటే పంతొమ్మిది. సొంత పెళ్ళాం ఉండి, కోమటాయన చెయ్యి పెడితే గెలిచాను."

ఆ మాట తరవాత మాటలు లేవు. ఆయన మౌనవ్రతం పట్టిన ఆ వారమే ఇంటికి రాకపోకలు పెరిగాయి. సోమవారం ఎజ్రా గారు ఒక పనసకాయ మోయించుకుని వచ్చారు. మంగళవారం శ్యాంబాబు బతికున్న నాటుకోడిని తెచ్చాడు. బుధవారం ఎజ్రా గారి తరఫున మామిడి తాండ్ర. ఎవరు వచ్చినా చిట్టియ్య ఆయ్, అలాగేనండి, ఆలోచిద్దామండి అని పంపించేవాడు. పనసకాయ కొట్టడం, కోడి వండటం జ్ఞానమ్మ వంతు. వండిపెడితే మాట్లాడకుండా తినేవాడు, ఉప్పు తగ్గితే గిన్నెని చూపుడువేలితో అటు తోసేవాడు. ఆవిడకి కోపం రాలేదు. ఆ కాగితం ఇంకోసారి చేతికొచ్చినా అదే కవరులో పెడుతుందని ఆవిడకి తెలుసు, ఆయనకీ తెలుసు. ఆయన బాధంతా అదే.

తరవాతి ఆదివారం కొత్త కమిటీ చర్చిలో కూర్చుంది. కార్యదర్శి పదవికి ఎజ్రా గారూ, శ్యాంబాబూ నిలబడ్డారు. చేతులెత్తితే నాలుగూ నాలుగూ. అందరూ చిట్టియ్య చేతి వైపు చూశారు. అది ఒళ్ళోనే ఉంది. సంఘం సగం కిటికీల దగ్గర నిలబడి చూస్తోంది, అందులో జ్ఞానమ్మ కూడా ఉంది.

చిట్టియ్య లేచి మైకు ఆన్ చేశాడు. పొద్దుటి వానకి నేల తడిగా ఉంది.

"ఇద్దరూ చెప్పులిప్పి ఇలా రండి. ఈ స్టాండు పట్టుకుని మీరేం చేస్తారో సంఘానికి చెప్పండి. ఫరవాలేదు, ప్రాణం పోయేంత రాదు, నేను కొలిచాను" అన్నాడు.

శ్యాంబాబు టెంట్ హౌసువాడు. తడి నేల మీద ఎర్త్ లేని మైకు ఏం చేస్తుందో ఆయనకి వివరించక్కర్లేదు. పెద్దవారు కదా, ముందు ఎజ్రా గారినే మాట్లాడనివ్వండి అన్నాడు వినయంగా. ఎజ్రా గారికి అలాంటి అనుమానాలేమీ లేవు. పదకొండేళ్ళుగా లేదని చెబుతున్న షాకు ఇప్పుడు ఉందని ఎలా ఒప్పుకుంటారు. తోలుచెప్పులు పక్కపక్కనే పొందిగ్గా విడిచి, పంచె సర్దుకుని, వచ్చి స్టాండుని గట్టిగా పట్టుకున్నారు.

"ప్రియ సంఘస్థులారా" అనబోయారు. ప్రియ వరకే వచ్చింది. మిగతాది ఆ మైకులో ఎప్పుడూ వినపడని ఒక శబ్దం. చెయ్యి దానంతటదే ఎగిరింది, కళ్ళజోడు ముక్కు మీద నుంచి జారింది. గాయక బృందం వరసలోంచి ఎవరో పకపకా నవ్వారు. ఎజ్రా గారి భార్య అని కొందరంటారు. జ్ఞానమ్మ అటు చూడలేదు.

ఎజ్రా గారు మోచెయ్యి రుద్దుకుంటూ మైకు లేకుండానే మాట్లాడారు.

"ఇది ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"పదకొండేళ్ళండి" అన్నాడు చిట్టియ్య.

"నేను పట్టించుకోవాల్సింది" అన్నారాయన. ఆ మాట ఎజ్రా గారి నోటి నుంచి రావడం గట్టుపాలెం అంతకుముందు వినలేదు.

చిట్టియ్య చెయ్యెత్తాడు. పట్టుకున్న మనిషికే వేశానని తరవాత అందరికీ చెప్పాడు. ఎజ్రా గారు కార్యదర్శి, శ్యాంబాబు కోశాధికారి, లాకుపేట సారిక ఉపాధ్యక్షురాలు. మొదటి తీర్మానం ఎర్తింగు. చర్చి వెనక గొయ్యి తవ్వించి, పైపు దింపి, బొగ్గూ ఉప్పూ పొరలుపొరలుగా వేసి, తీగ కలిపి, అంతా చిట్టియ్య దగ్గరుండి చేయించాడు. శనివారం పొద్దున్న జ్ఞానమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే చర్చి పైనున్న లౌడ్‌స్పీకర్లోంచి గొంతు వినపడింది.

"టెస్టింగ్. టెస్టింగ్. జ్ఞానమ్మా, వినపడతందా?"

దాదాపు రెండు వారాల తరవాత ఆయన ఆవిడతో మాట్లాడిన మొదటి మాట అది. మూడు పేటలకీ వినపడింది. ఆవిడ తడిచీర దండెం మీద అలాగే వదిలేసి, వెళ్ళి చర్చి గుమ్మంలో నిలబడి, వినపడుతోందని తలూపింది. ఆయన చెప్పుల్లేకుండా స్టాండు పట్టుకుని నవ్వుతున్నాడు. ఆ సాయంత్రం ఆవిడ రూళ్ళ కాగితంలో, సమానమైతే చీట్లు వేయాలి అని ఒక లైను కలిపింది.

ఆ కమిటీ మీటింగులు ఇరవై నిమిషాల్లో అవడం మానేశాయి. లాకుపేట వాళ్ళకి ఆదివారం ఆరాధన వేళ కుదరదని, వేటకి పోయే రోజుల్లో సాయంత్రం పెట్టమని సారిక మొదటి మీటింగులోనే అడిగింది. ఆ ఒక్కదానికే రెండు గంటలు పట్టింది. ఎజ్రా గారు జ్ఞానమ్మ వరండాలోకి వచ్చి, మీ భాగహారం వల్ల నా నడుం పట్టేస్తోందని గొణిగేవారు. సాయంత్రం ఆరాధన మాత్రం పెట్టారు. మొదటి రోజే నిండిపోయింది.

మూడేళ్ళు గడిచేసరికి ఒకే టేబులు ముందు కూర్చోగా కూర్చోగా కాలనీకీ లాకుపేటకీ బోరు గొడవ పాతబడిపోయింది. అప్పుడు శ్యాంబాబుకి ఒక లెక్క తట్టింది. ఆయన జీవితంలో సొంతంగా వేసిన మొదటి లెక్క అది. రెండు పేటలూ కలిస్తే సగం పైనే. అంటే పాత పద్ధతిలో తొమ్మిదీ మనవే. సర్వసభ్య సమావేశంలో లేచి, ఈ భాగహారాలు జనానికి అర్థం కావట్లేదు, పాత తొమ్మిది టిక్కుల పద్ధతే మేలని ప్రతిపాదించాడు.

అతన్ని కాదంటూ లేచినది జ్ఞానమ్మ కాదు, ఎజ్రా గారు. నల్లబల్ల దగ్గరికి నడిచి సుద్దముక్క తీసుకుని అరగంట మాట్లాడారు. ఓటు అంటే ఏమిటో, ఓడిన వాడి ఓటు కూడా ఓటేనని, చిన్నవాళ్ళని కాపాడనిది అసలు ఎన్నికే కాదని, ఒకటీ మూడూ ఐదూ ఏడూ అన్నది ఎంత ధర్మమైన వరసో చెప్పారు. పద్దెనిమిదేళ్ళు తొమ్మిదీ పట్టుకున్న మనిషి ఆ మాటలంటుంటే జనం నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. కాని మాటల్లో తప్పు లేదు. మధ్యలో ఏడుతో భాగించేటప్పుడు ఒక చోట పొరపడితే, జ్ఞానమ్మ కూర్చున్న చోటి నుంచే సరిచేసింది.

ప్రతిపాదన వద్దన్నవాళ్ళని చేతులెత్తమన్నప్పుడు ముందు లేచిన చెయ్యి సారికది. లాకుపేట వాళ్ళంతా ఆవిడ వెనకే ఎత్తారు. పాత పద్ధతి వస్తే తమ రెండు కుర్చీలకీ రేపు కాలనీ దయ మీద ఆధారపడాలని వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. శ్యాంబాబు ప్రతిపాదన వీగిపోయింది. ఆయన నొచ్చుకున్నాడు కాని షామియానా సంగతి ఎత్తలేదు.

ఆ ఎన్నికలో పెద్దపేటకి మూడు కుర్చీలే వచ్చాయి. ఎజ్రా గారు కార్యదర్శి కాలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి, నాలుగో కుర్చీ ఎన్ని ఓట్ల తేడాలో పోయిందో చూపించమన్నారు. జ్ఞానమ్మ కాగితం మీద వేసి చూపించింది. రెండు ఓట్ల తేడాలో పోయింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని తనూ ఒకసారి వేసుకున్నారు. అంతే వచ్చింది.

"సరేనండి, న్యాయంగానే పోయింది" అని టీ గ్లాసు అందుకున్నారు.